సంచిలోకి రాని సరుకుకు నా డబ్బు ఎన్నాళ్లు ఆపుతారు?

బహిరంగ లేఖ

భారతీయ రిజర్వ్ బ్యాంకులో చెల్లింపుల వ్యవస్థలను చూసే అధికారులకు,
ఇళ్లకు సరుకులు పంపే ఆన్‌లైన్ సంస్థల యాజమాన్యాలకు,

నమస్కారం.

మాది హిందూపురం. బెంగళూరు వచ్చి 19 ఏళ్లయింది. రామమూర్తి నగర్‌లో ఉంటున్నాం. ఆరేళ్లుగా ఇంట్లోనే వండి, చుట్టుపక్కల పీజీ హాస్టళ్లలో ఉండే తెలుగు పిల్లలకు రాత్రి భోజనం క్యారియర్లు పంపుతున్నాను. ఇప్పుడు పద్నాలుగు క్యారియర్లు వెళ్తున్నాయి. అనంతపురం, కడప, నెల్లూరు, ఒంగోలు, ఖమ్మం, ఇలా తలా ఒక ఊరి పిల్లలు. పప్పు, కూర, చారు, పెరుగు, ఆదివారం ఒక పిండివంట. ఇదే నా సంపాదన.

బజారుకు వెళ్లే తీరిక లేక రెండేళ్లుగా బియ్యం, పప్పులు, నూనె, కూరగాయలు అన్నీ ఫోనులోనే తెప్పించుకుంటున్నాను. ఆ సౌకర్యం విలువ నాకు బాగా తెలుసు. నాకు మోకాళ్ల నొప్పి. మేముండేది లిఫ్టు లేని ఇంట్లో, మూడో అంతస్తులో. బియ్యం బస్తా భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చే పిల్లవాడికి మజ్జిగ ఇవ్వకుండా ఎప్పుడూ పంపలేదు. కాబట్టి ఇది ఆన్‌లైన్ వ్యాపారం మీద కోపంతో రాస్తున్న లేఖ కాదు. నేను కట్టిన డబ్బు మధ్యదారిలో ఆగిపోయినప్పుడు దానికి ఎవరూ జవాబుదారీ కాకపోవడం గురించి రాస్తున్నాను.

గత నెల 3వ తేదీ, రాత్రి పదిన్నర. మర్నాటికి కందిపప్పు లేదు, నూనె డబ్బా అడుగంటింది. బియ్యం, కందిపప్పు, వేరుశనగ నూనె, ఎండుమిర్చి, చింతపండు, గోంగూర, బెండకాయలు ఎంచుకున్నాను. మొత్తం 2,846 రూపాయలు. ఖాతాలో 7,412 ఉన్నాయి. డెబిట్ కార్డు ఎంచుకుని, వచ్చిన ఓటీపీ కొట్టాను. తెర మీద చక్రం చాలాసేపు తిరిగి ఆగిపోయింది. చెల్లింపు పెండింగ్‌లో ఉందని ఒక్క వాక్యం కనిపించింది. బ్యాంకు సందేశం మాత్రం క్షణాల్లో వచ్చింది: 2,846 రూపాయలు డెబిట్ అయ్యాయి. ఆర్డరు మాత్రం ఎక్కడా లేదు. పావుగంట ఎదురుచూశాను. రేపు పద్నాలుగు మందికి అన్నం పెట్టాలి. మళ్లీ కట్టాను. ఈసారి ఆర్డరు నిలిచింది. ఖాతాలో 1,720 మిగిలాయి.

5వ తేదీ నాకు ఫ్రిజ్ వాయిదా ఉంటుంది. నెలకు 3,150 రూపాయలు, బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే వెళ్తుంది. పిల్లలు నెల డబ్బు 7వ తేదీ తరవాత ఇస్తారు కాబట్టి ఆ వాయిదాకు సరిపడా డబ్బు ముందే తీసిపెట్టుకోవడం నా అలవాటు. మొదటిసారి ఆగిపోయిన 2,846 నా ఖాతాలోనే ఉండి ఉంటే 4,566 ఉండేవి, వాయిదా వెళ్లిపోయేది. వెళ్లలేదు. డబ్బు లేనందుకు బ్యాంకు 590 రూపాయలు తీసుకుంది. ఆలస్యానికి అప్పిచ్చిన సంస్థ ఇంకో 450 వేసింది. నాలుగేళ్లలో ఒక్క వాయిదా తప్పని దాన్ని. ఆ రోజు అప్పు సంస్థ నుంచి వచ్చిన ఫోను మా అమ్మాయి ఎత్తింది. డబ్బు కట్టలేదా అమ్మా అని నన్ను అడిగింది. డబ్బుంది, కానీ నా దగ్గర లేదు అని చెబితే ఆ పిల్లకు ఏం అర్థమవుతుంది?

ఆ 2,846 రూపాయలు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి నాలుగు రోజులు ఫోను పట్టుకుని కూర్చున్నాను. సరుకుల సంస్థ తెర మీద ఆ చెల్లింపు 'విఫలమైంది' అని ఉంది. బ్యాంకు జాబితాలో అదే చెల్లింపు 'పూర్తయింది' అని ఉంది. సంస్థ సహాయ కేంద్రం వాళ్లు 'వాపసు మొదలుపెట్టాం, ఐదు నుంచి ఏడు పనిదినాలు ఆగండి' అన్నారు. బ్యాంకు ఉద్యోగిని మర్యాదగానే మాట్లాడి, అది 'హోల్డ్‌లో ఉంది, వ్యాపారి వదిలితేనే మేం వదలగలం' అన్నారు. ఒకే డబ్బుకు నాలుగు పేర్లు. నలుగురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదని తరవాత తెలిసింది. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే. ఎవరి పుస్తకంలో వాళ్ల లెక్క సరిగ్గానే ఉంది, నష్టం మాత్రం నా ఒక్కదానికే జరిగింది.

నా దగ్గర భోజనం తీసుకునే పిల్లల్లో ఒక కుర్రాడు చెల్లింపుల సంస్థలోనే పనిచేస్తాడు. ఆదివారం మా ఇంటికొచ్చి, తింటూ తింటూ నాకు విడమరిచి చెప్పాడు. "కార్డుతో కట్టడమంటే ఒక్క పని కాదక్కా, రెండు పనులు" అన్నాడు. మొదటిది, ఈ మనిషి ఖాతాలో ఇంత డబ్బుందా, ఉంటే మా కోసం పట్టి ఉంచండి అని వ్యాపారి బ్యాంకును అడగడం. దీన్ని వాళ్లు ఆథరైజేషన్ అంటారు. రెండోది, పట్టి ఉంచిన డబ్బును నిజంగా తీసుకోవడం. దీన్ని క్యాప్చర్ అంటారట. ఈ రెండింటి మధ్య డబ్బు నా ఖాతాలోనే ఉంటుంది, కానీ నేను ముట్టుకోలేను. వ్యాపారికి ఆ డబ్బు అక్కర్లేకపోతే, వదిలేయండి అని ఒక సందేశం పంపాలి. అది పంపితే డబ్బు తొందరగానే విడుదలవుతుంది. పంపకపోతే ఆ అనుమతి గడువు తీరేదాకా బ్యాంకు పట్టుకునే ఉంటుంది. రెండో పని కూడా జరిగిపోయాక తిరిగి ఇవ్వాలంటే అది విడుదల కాదు, వాపసు. వెళ్లిన దారిలోనే వెనక్కి నడిచే ఇంకో లావాదేవీ. అందుకే దానికి ఇంకా ఎక్కువ రోజులు పడతాయి.

అతను చెప్పింది విన్నాక నాకు ఒక సంగతి స్పష్టమైంది. నా డబ్బు తొమ్మిది రోజులు ఆగడానికి కారణం యంత్రం కాదు. ఒక సందేశం పంపాల్సిన వాళ్లు వెంటనే పంపలేదు. పంపకపోయినా వాళ్లకు పైసా నష్టం లేదు.

హిందూపురంలో మా నాన్న సరుకులు తెచ్చే కొట్టు ఒకటుండేది. చీటీ రాసి ఇస్తే పొట్లాలన్నీ కట్టి, పక్కన పెట్టి, చివర్లో లెక్క చెప్పేవారు. బెల్లం అయిపోతే చీటీలో బెల్లం మీద గీత కొట్టి, ఆ డబ్బు వదిలేసి మిగతాదే అడిగేవారు. లేని బెల్లానికి డబ్బు గల్లాపెట్టెలో వేసుకుని, వారం తరవాత రమ్మనడం ఎవరూ ఎరగరు. ఫోనులో మాత్రం అదే జరుగుతోంది. సరుకు ఉందో లేదో చూడకముందే పూర్తి డబ్బు తీసుకుంటున్నారు. నా రెండో ఆర్డరు మర్నాడు ఉదయం వచ్చింది. అందులో కందిపప్పు, గోంగూర, ఎండుమిర్చి లేవు. 612 రూపాయల సరుకు తక్కువ. నేను ఆర్డరు పెట్టిందే కందిపప్పు కోసం. ఆ రోజు పెసరపప్పుతో గడిపాను.

ఆ 612 నా ఖాతాకు రాలేదు. సంస్థ వాళ్ల వ్యాలెట్‌లో చేరింది. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే, ఆర్డరు పెట్టేటప్పుడు వాపసు వ్యాలెట్‌లో వేయమనే గడిలో టిక్కు ఉంది కదా అన్నారు. ఆ టిక్కు నేను పెట్టింది కాదు, ముందే పెట్టి ఉంది. చెల్లింపుల మధ్యవర్తి సంస్థల కోసం 2020 మార్చిలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాల్లో, వాపసు డబ్బు కట్టిన దారిలోనే వెళ్లాలని, వేరే దారిలో ఇవ్వాలంటే కొనుగోలుదారు ప్రత్యేకంగా ఒప్పుకోవాలని ఉంది. ముందే పెట్టి ఉన్న టిక్కును చూడకపోవడం ఒప్పుకోవడం అవుతుందా? ఆ 612తో నేను వాయిదా కట్టలేను, గ్యాస్ బండ తెచ్చుకోలేను. మళ్లీ అదే దుకాణంలో కొనడానికి తప్ప పనికిరాని డబ్బును వాపసు అని పిలవకండి.

రిజర్వ్ బ్యాంకు అధికారులకు ఇప్పుడు నేరుగా చెబుతున్నాను.

నృపతుంగ రోడ్డులో మీ కార్యాలయం ముందు నుంచి ఎన్నోసార్లు బస్సులో వెళ్లాను. లోపల మా లాంటి వాళ్ల కోసం ఇంత రాసిపెట్టారని తెలియదు. మా అమ్మాయి బీకాం చదువుతోంది. తనే 2019 సెప్టెంబర్ 20 నాటి మీ సర్క్యులర్ వెతికి, ప్రింటు తీసి తెచ్చింది. విఫలమైన లావాదేవీల డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కి రావాలి, రాకపోతే ఎంత పరిహారం ఇవ్వాలి అనేది అందులో పట్టికలా వేశారు. ఆన్‌లైన్‌లో కార్డుతో కట్టినప్పుడు ఖాతాలో డబ్బు తగ్గి, వ్యాపారికి ధ్రువీకరణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తరవాత ఐదు రోజుల్లో డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. అవి పనిదినాలు కావు, క్యాలెండరు రోజులు. ఆపైన ఆలస్యమయ్యే ప్రతి రోజుకూ 100 రూపాయలు. అది కూడా ఖాతాదారు ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా, బ్యాంకే వేయాలి. ఆ ఏడాది అక్టోబర్ 15 నుంచి ఇది అమల్లో ఉంది. ఇది చదివినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరో మా గురించి ఆలోచించారు అనిపించింది.

3వ తేదీ ఆగిన డబ్బు 8వ తేదీలోగా రావాలి. 12వ తేదీన వచ్చింది. నాలుగు రోజుల ఆలస్యం, 400 రూపాయలు. సర్క్యులర్ ప్రతి జతచేసి బ్యాంకుకు రాశాను. వచ్చిన జవాబు ఇది: మీ లావాదేవీ విఫలమైంది కాదు, మా వైపు అనుమతి విజయవంతంగా ఇచ్చాం, వ్యాపారి వదిలాక విడుదల చేశాం, కాబట్టి పరిహారం వర్తించదు.

చూశారా? సరుకుల సంస్థ విఫలం అంటే నాకు ఆర్డరు పోతుంది. బ్యాంకు విజయవంతం అంటే నాకు పరిహారం పోతుంది. ఒకే లావాదేవీని ఎవరికి కావలసినట్టు వాళ్లు పిలుచుకుంటున్నారు. నిజానికి మీ సర్క్యులర్‌లో విఫలం అంటే ఏమిటో స్పష్టంగా రాశారు. ఖాతాదారు తప్పు లేకుండా ఏ కారణం వల్లనైనా పూర్తికాని లావాదేవీ విఫలమైనదే. డబ్బు వెనక్కి పంపే పని మొదలుపెట్టడంలో ఆలస్యం జరిగినా అది ఆ నిర్వచనంలోకే వస్తుంది. మీరు రాసిన ఆ మాటను కొట్టివేసే అధికారం ఒక బ్యాంకు శాఖకు ఎవరిచ్చారు?

612 రూపాయల సంగతి ఇంకా కష్టం. అది మీ పట్టికలో ఏ వరుసలోనూ లేదు. ఆర్డరు నిలిచింది, చెల్లింపు పూర్తయింది, సరుకు మాత్రం సంచిలో పూర్తిగా రాలేదు. ఏటీఎంలో నోట్లు రాకపోతే గడువు ఉంది, యూపీఐలో డబ్బు అవతలివాళ్లకు చేరకపోతే గడువు ఉంది. కందిపప్పు రాకపోతే లేదు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల నియమాలు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలోగా పరిష్కరించాలని అంటాయి. వాపసు తగిన సమయంలో, మీరు చెప్పిన ప్రకారం జరగాలని కూడా అవే అంటాయి. అంటే ఆ నియమాలు మీ వైపు చూపిస్తున్నాయి, మీ సర్క్యులర్‌లో ఆ వరుస లేదు. నెల రోజులంటే నేను ముప్పై సార్లు పద్నాలుగు మందికి వండాలి. మధ్యలో ఒక వాయిదా, ఒక అద్దె, ఒక ఫీజు వచ్చి పోతాయి.

తెలిసినవాళ్లు చాలామంది సలహా ఇచ్చారు. కార్డు మానేసి యూపీఐతో కట్టమన్నారు. దానిలోనూ దుకాణానికి కట్టిన డబ్బు మధ్యలో ఆగితే గడువు ఐదు రోజులే. క్రెడిట్ కార్డు వాడమన్నారు. మా పక్కింటావిడకు దానితోనే ఇబ్బంది వచ్చింది. రద్దయిన ఆర్డరు డబ్బు బిల్లు తయారయ్యే రోజుకు వెనక్కి రాలేదు, రాని సరుకు కూడా బిల్లులోకి ఎక్కింది. గడువు తేదీలోగా వచ్చిన వాపసును కట్టాల్సిన మొత్తంలోంచి వెంటనే తగ్గించాలని 2022 ఏప్రిల్‌లో మీరే ఆదేశించారు. ఆ డబ్బు గడువు తేదీ దాటాక వస్తే ఆ ఆదేశం ఆమెకు ఏ విధంగా పనికొస్తుంది?

ఇదంతా సాంకేతికంగా కుదరదని ఎవరైనా అంటే నేను నమ్మను. కంపెనీలు కొత్తగా షేర్లు అమ్మే పబ్లిక్ ఇష్యూలో దరఖాస్తు చేసేవాళ్ల డబ్బు వాళ్ల ఖాతాలోనే ఆగి ఉంటుంది, వడ్డీ కూడా వస్తుంది. షేర్లు రాకపోతే విడుదలవుతుంది, వచ్చినంతకే డబ్బు వెళ్తుంది. షేర్ల మార్కెట్టును నియంత్రించే సెబీ ఆ పద్ధతిని 2008లోనే తెచ్చింది. యూపీఐలో ఒకసారి డబ్బు ఆపి ఉంచి, అవసరమైనప్పుడల్లా అవసరమైనంతే తీసుకునే ఏర్పాటును 2022 డిసెంబర్‌లో మీరే ప్రకటించారు. అమెరికాలో కూరగాయల తూకం ముందే తెలియదు కాబట్టి బిల్లు కంటే కాస్త ఎక్కువ ఆపి ఉంచి, తూచాక అసలు లెక్క తీసుకునే పద్ధతి ఉందని చెల్లింపుల సంస్థలో పనిచేసే ఆ కుర్రాడే చెప్పాడు. అక్కడా ఆ ఆగిన డబ్బుతో ఇబ్బందులు లేకపోలేదట. అయినా అందులో ఒక న్యాయం ఉంది: సంచి కట్టాకే డబ్బు తీసుకుంటారు. షేర్లు కొనేవారికి దక్కిన ఆ మర్యాద పప్పు కొనేవారికి ఎందుకు దక్కకూడదు?

మీరు తలచుకుంటే జరుగుతుందని నేను కళ్లారా చూశాను. ఆన్‌లైన్‌లో కార్డు వాడాలంటే రెండో ధ్రువీకరణ ఉండాలని 2009 ఆగస్టు నుంచి మీరు పట్టుబట్టారు. వ్యాపారాలు దెబ్బతింటాయన్నవాళ్లు లేకపోలేదు. ఈ రోజు ఓటీపీ రాకపోతే మాకే భయం వేస్తుంది. దుకాణాలు మా కార్డు నంబర్లు దాచుకోకూడదని 2022 అక్టోబర్ నుంచి అమలు చేశారు. అన్ని సంస్థలూ మారాయి. అలాగే ఈ ఆగిన డబ్బుకు కూడా గడువు పెట్టండి. ఆర్డరు నిలవకపోతే ఆ గంటలోనే విడుదల సందేశం వెళ్లేలా, సరుకు లేదని తేలిన క్షణం నుంచి గడువు లెక్క మొదలయ్యేలా, ఆ లెక్క తప్పితే రోజుకు 100 రూపాయలు ఫిర్యాదు లేకుండానే పడేలా ఆ పట్టికలో ఇంకో వరుస చేర్చండి. చెల్లింపు పూర్తయినా సరుకు అందకపోతే అది కూడా పూర్తికాని లావాదేవీయేనని రాయండి.

దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఆగిన డబ్బు వల్ల ఎవరి వాయిదా అయినా వెనక్కి పోతే, ఆ జరిమానా బ్యాంకు తిరిగి ఇచ్చి తీరాలి. డబ్బు నా ఖాతాలోనే ఉందని, పట్టి ఉంచింది తామేనని బ్యాంకుకు తెలుసు. అదే బ్యాంకు అదే రోజు నీ దగ్గర డబ్బు లేదని 590 తీసుకుంది. రెండు మాటలూ ఒకే నోటి నుంచి ఎలా వస్తాయి? రోజుకు 100 చొప్పున నాలుగు రోజుల పరిహారం ఇచ్చినా నాకు ఈ జరిమానా ఖర్చులో సగం కూడా రాదు. నెలకు లక్ష సంపాదించేవారికి 2,846 ఆగినా తెలియకపోవచ్చు. పది రూపాయలు అటూఇటూ కాకుండా నెల లెక్క వేసుకునే ఇళ్లే ఇందులో చిక్కుకుంటున్నాయి. ఈ ఊళ్లో అలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇళ్లలో పనిచేసేవాళ్లు, కుట్టుపని చేసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు కూడా ఇప్పుడు ఫోనులోనే సరుకులు కొంటున్నారు.

సరుకుల సంస్థల వారికి ఒక మనవి. పెండింగ్ అన్న ఒక్క మాటతో మమ్మల్ని వదిలేయకండి. ఆ తెర మీద మూడు విషయాలు రాయండి చాలు: డబ్బు ఆగిందా లేక తీసుకున్నారా, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, ఏ తేదీకి వెనక్కి వస్తుంది. మళ్లీ కట్టమని అడిగే ముందు మొదటి డబ్బు సంగతి చెప్పండి. కన్నడంలో, తెలుగులో, తమిళంలో చెప్పండి. నూనె మీద తగ్గింపు గురించి తెలుగులో సందేశం పంపగలిగినవాళ్లు, నా డబ్బు గురించి కూడా తెలుగులో పంపగలరు. వ్యాలెట్ గడిలో టిక్కు తీసేయండి. కావాలనుకున్నవాళ్లు వాళ్లే పెట్టుకుంటారు. సరుకు సంచిలో పడ్డాకే డబ్బు తీసుకునేలా మీ పద్ధతి మార్చుకుంటే, ఈ లేఖలో సగం నాకు రాయాల్సిన పని ఉండేది కాదు.

ఈ నెల 5వ తేదీకి భయపడి నేను ఫోనులో ఏమీ కొనలేదు. రెండు సంచులు పట్టుకుని మెట్లు దిగి, నగదు ఇచ్చి కొనుక్కుని, మధ్యలో రెండు చోట్ల కూర్చుని పైకి వచ్చాను. వాయిదా వెళ్లింది.

బ్యాంకు పరిహారం నిరాకరించింది కాబట్టి, 400 రూపాయల గురించి, 590 రూపాయల జరిమానా గురించి బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు మొన్ననే ఫిర్యాదు పంపాను. సర్క్యులర్ ప్రతి, బ్యాంకు జవాబు జతచేశాను. 612 రూపాయల గురించి అక్కడ అడగలేకపోయాను. సరుకుల దుకాణం ఆ అంబుడ్స్‌మన్ పరిధిలోకి రాదు. వ్యాలెట్‌లో ఉన్న ఆ డబ్బును నా ఖాతాకు ఎన్ని రోజుల్లో పంపాలో చెప్పే వరుస ఎక్కడా లేదు కాబట్టి మీ అందరికీ కలిపి ఈ లేఖ రాస్తున్నాను. జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
రామమూర్తి నగర్‌లో క్యారియర్లు కట్టే ఒక గృహిణి,
బెంగళూరు